కూల్చే ముందు మిద్దెక్కి చూడండి

పాత ఇల్లు కూల్చడానికి ఇప్పుడు ఒక్క పూట చాలు. పొద్దున్నే జేసీబీ వచ్చి వీధి మొదట్లో నిలబడుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు వసారా, నడవ, వంటిల్లు అన్నీ కలిసి ఒకే కుప్ప. ద్వారబంధం పాతసామాను కొనేవాళ్లకు, దూలాలు కట్టెల అడితీకి, ఇటుకలు ఇంకెవరి పునాదిలోకో పోతాయి. చీకటి పడేలోగా ట్రాక్టర్లు మట్టి తోలేస్తాయి. ఒంటరి ఇల్లయితే సంగతి అక్కడితో ముగిసేది. వరసలో ఉన్న ఇల్లయితే అక్కణ్నుంచే మొదలవుతుంది. కుడి పక్కింటి గోడ కట్టిన నాటినుంచి ఎన్నడూ వాన చూడనిది, ఇప్పుడు నేరుగా తడుస్తుంది. ఎడమ పక్కింటి దూలాలు ఏ గోడమీద ఆనుకున్నాయో ఆ గోడకు ఇటువైపు ఆసరా పోతుంది. వచ్చే కార్తీకానికి ఆ రెండిళ్లవాళ్లూ కొత్త బీటలు చూసుకుంటూ ఉంటారు.

చిత్తూరు నుంచి కర్నూలు పోయే జాతీయ రహదారిని, తిరుపతి మీదుగా నాయుడుపేట పోయే రహదారి కలుసుకునే చోటు పూతలపట్టు. రహదారి పక్కన స్థలానికి విలువ పెరిగినకొద్దీ పాత ఇళ్లకు గడ్డుకాలం వస్తోంది. అయినా పూతలపట్టు, పాకాల, చిత్తూరు పరిసరాల్లో ఊరి లోపలి వీధులు తిరిగితే వరస ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. వీధికి ఆనుకుని తిన్నె, దాని మీద చూరు, లోపల నడవ, వెనక దొడ్డి. ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉండదు. ఒకే గోడ రెండు కుటుంబాలను మోస్తుంది.

ఈ ఇళ్లలో చాలావాటిని కూల్చాల్సిన పనిలేదు. వాటిని పాడు చేస్తున్నది వయసు కాదు. పెరిగిపోయిన రోడ్లు, కారుతున్న మిద్దెలు, పాత ఇటుక మీద పూసిన కొత్త సిమెంటు కలిసి పాడు చేస్తున్నాయి. మూడింటికీ మందు ఉంది. కాకపోతే ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తెలియాలి. సాధారణంగా డబ్బు చేతికి రాగానే ముందు టైల్స్ వేస్తారు, తర్వాత రంగులు, చివరికి డబ్బు మిగిలితే మిద్దె. సరిగ్గా దీన్ని తిరగేసి చేయాలి.

గోడలో ఏముంది?

ఈ నేల చరిత్ర తెలిస్తే ఇల్లు త్వరగా అర్థమవుతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మద్రాసు కిందే ఉంది. అందుకే ఇక్కడి ఇళ్లలో రెండు పద్ధతులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి రాయలసీమ మట్టిమిద్దె: దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన కట్టె పరిచి చౌడు మట్టి. రెండోది మద్రాసు వైపు నుంచి వచ్చిన ఇటుక మిద్దె, ఇంజనీర్లు మద్రాస్ టెర్రస్ అనేది. కొంచెం కలిగిన ఇళ్లకు, కచేరీలకు, బడులకు ఇదే వేసేవాళ్లు. వీటికి తోడు మంగళూరు పెంకుటిళ్లు ఎలాగూ ఉన్నాయి.

కప్పు ఏదైనా గోడ మాత్రం ఇటుక, దాని కింద రాతి పునాది. రాయికి కొదవలేని జిల్లా ఇది. నేలమట్టానికి పైన అడుగో రెండడుగులో రాతికట్టు లేపి, దాని మీద ఇటుక మొదలుపెట్టేవారు. అది అందం కోసం చేసింది కాదు. నేలలో చెమ్మ ఇటుకలోకి పాకినట్టు గ్రానైట్ రాతిలోకి పాకదు. రాతికట్టే ఆ ఇంటికి చెమ్మను ఆపే అడ్డు.

ఇటుకలను కలిపిన అడుసు ఏదో తెలుసుకోవడం రెండో పని. సందులోంచి చిన్న ముక్క గీకి గ్లాసుడు నీళ్లలో వేయాలి. కాసేపటికి కరిగి అడుగున బురదగా పేరుకుంటే అది మట్టి. ముక్క ముక్కగానే ఉంటే సున్నం. ఇంత చిన్న పరీక్ష చేయకుండా గోడ మీద సుత్తి పెట్టకూడదు. మట్టి సందుల గోడ ఎండలో ఎంత గట్టిగా ఉన్నా నానితే జారుతుంది. సున్నపు గోడ తడిసినా ఓర్చుకుంటుంది. మరమ్మతు దారి ఇక్కడే రెండుగా చీలుతుంది.

ఇటుక సంగతి బేల్దారి మేస్త్రీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి తడితే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. ఒకరోజంతా నీళ్లలో నానబెడితే మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. కూల్చిన ఇళ్లనుంచి వచ్చిన పాత ఇటుకల్లో ఈ పరీక్షకు నిలిచేవి ఏరుకుని దాచుకోవాలి. గోడలో పాడైన చోట అతకడానికి అదే కొలత, అదే రంగు ఇటుక బట్టీలో ఇప్పుడు దొరకదు.

నీళ్లు ఎటు పోతున్నాయి?

2021 నవంబరును చిత్తూరు జిల్లా మరిచిపోలేదు. ఆ నెల మూడో వారంలో తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. అలాంటి వానల్లో పాత గోడలు ఎక్కడికక్కడ కూలుతాయి. వాటిలో చాలావరకు ఆ ఒక్క వానకే పాడైనవి కావు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా పైనుంచి మిద్దె కారుతూ, కిందనుంచి పునాది నానుతూ ఉన్నవే.

కోస్తాలోనో తెలంగాణలోనో జూన్ నుంచి వానలు గడుస్తాయి. ఇక్కడ గట్టివానలు ఆశ్వయుజ, కార్తీకాల్లో ఈశాన్య రుతుపవనాలతో, తుఫాన్లతో వస్తాయి. పునరుద్ధరణకు పూనుకునేవాళ్లు ఒక వానాకాలం ఇంటిని ఊరికే చూడాలి. వాన పడుతుండగా గొడుగు పట్టుకుని దొడ్లోకి, మిద్దె మీదికి, వీధిలోకి వెళ్లి చూడాలి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ మూల చెమ్మ మరక పెద్దదవుతోంది, తూము బయటికి పోస్తోందా గోడమీదికి జారుస్తోందా అన్నది సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోవాలి. బీటల సంగతీ అప్పుడే తేలుతుంది. బీట మీద అడ్డంగా చిన్న గాజుపలక అతికించి తేదీ రాసి పెడితే, గోడ కదులుతుంటే గాజు పగులుతుంది. పగలకపోతే అది పాత బీట. పూడ్చేస్తే సరిపోతుంది.

ఇక వీధి సంగతి. ఇది ఇంటిమనిషి చేతిలో లేనిది, అందుకే ఎక్కువ బాధపెట్టేది.

పంచాయతీ సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే కొత్త పొర పోస్తారు. పొర ఒక్కోసారి ఆరంగుళాలు. రెండు మూడు సార్లు ఇలా జరిగితే వీధి అడుగో అడుగున్నరో లేస్తుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరిన తిన్నె ఇప్పుడు రోడ్డుతో సమం. ఇంకొన్ని చోట్ల గడప దాటి లోపలికి దిగాలి. పాత మేస్త్రీ ఎంతో ఆలోచించి కట్టిన రాతికట్టు రోడ్డు కింద పూడిపోయింది. రాయి ఉండాల్సిన చోట ఇప్పుడు ఇటుక ఉంది, దానికి ఆనుకుని తడి కాంక్రీటు ఉంది. చెమ్మ నేరుగా ఇటుకలోకి ఎక్కుతుంది. మోకాటి ఎత్తు, నడుము ఎత్తు దాకా గోడ నల్లబడి పొట్టు రాలుతుంది. ఇంటివాళ్లు ఇల్లు పాతబడిపోయిందనుకుంటారు. నిజానికి ఇల్లు ఉన్నచోటే ఉంది, వీధి లేచింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం పాత పొర గీకి తీశాకే కొత్త రోడ్డు వేయాలని అధికారులను ఆదేశించింది. ఆ మాట మన పంచాయతీరాజ్ ఇంజనీర్లు కూడా పట్టించుకోవాలి. ఒక్క వీధి రోడ్డు వల్ల ఇరవై ఇళ్లు చెమ్మెక్కుతుంటే దాన్ని అభివృద్ధి అనడం కష్టం.

రోడ్డు దిగేదాకా ఇల్లు ఆగదు కాబట్టి చేయగలిగింది చేయాలి. ముందు గోడ వెంబడి అడుగు వెడల్పున కాంక్రీటు కోసి తీసి, సన్నటి కాలువ తవ్వి, అందులో కంకర నింపి, నీళ్లు వీధి మురుగుకాలువలోకి పోయేలా వాటం ఇవ్వాలి. గోడ అడుగుకు మళ్లీ గాలి తగులుతుంది. చాలామంది చేసేది వేరు: లోపల మట్టి నింపి నేలను రోడ్డు ఎత్తుకు లేపుతారు. దానివల్ల ద్వారం పొట్టిదవుతుంది, గోడలో చెమ్మ ఇంకో అడుగు పైకెక్కుతుంది. తప్పనిసరైతే తప్ప ఆ దారి పట్టకూడదు.

పక్కింటివాళ్లతో మాట

వరస ఇంటికి మరమ్మతు మొదలయ్యేది మేస్త్రీతో కాదు, పక్కింటివాళ్లతో. ఉమ్మడి గోడలోకి రెండు వైపులనుంచీ దూలాలు దూరి ఉంటాయి. ఒకరు తమ వైపు ఇటుక ఊడదీస్తే అవతలివాళ్ల దూలం కదులుతుంది. భాగపరిష్కారాల పత్రాల్లో గోడ ఎవరిదో రాసి ఉండొచ్చు, రాసి ఉండకపోవచ్చు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం ఒక కట్టడం పక్క స్థలంనుంచి గానీ పక్క కట్టడంనుంచి గానీ 20 ఏళ్లు ఆటంకం లేకుండా ఆసరా పొందితే, ఆ ఆసరా హక్కు అవుతుంది. అంటే నా గోడ, నా ఇష్టం అని కూల్చేయడానికి వీల్లేదు. కోర్టు దాకా పోవడం కంటే పని మొదలుపెట్టే ముందే ఇద్దరూ కూర్చుని, గోడ ఫొటోలు తీసుకుని, ఉన్న బీటలన్నీ రాసుకుని సంతకాలు పెట్టుకుంటే తర్వాత మాటామాటా రాదు.

పక్కస్థలంలో ఎవరైనా కొత్త ఇల్లు లేపుతుంటే మరింత జాగ్రత్త. పాత రాతి పునాది ఎంతో లోతుండదు. దాని పక్కనే పిల్లర్ల కోసం ఆరడుగుల గుంత గోడ పొడవునా ఒకేసారి తవ్వితే, పాత పునాది కింద మట్టి గుంతలోకి జారుతుంది. మూడు నాలుగు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, కట్టి, పూడ్చాకే పక్క ముక్కకు పోవాలి. ఇందుకు నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది, అంతే.

ఇక కాగితాలు. గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు తరతరాలుగా ఇంటిపన్ను రసీదు తప్ప వేరే పత్రం ఉండదు. అందువల్ల బ్యాంకులో అప్పు పుట్టదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో గ్రామాల్లోని ఇళ్ల స్థలాలను కొలిచి యాజమాన్య కార్డులు ఇస్తున్నారు. మరమ్మతుకు అప్పు కావాలనుకునేవాళ్లు ముందు ఈ కొలతలో తమ హద్దులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి. ఉమ్మడి గోడ హద్దు ఆకాశంనుంచి తీసిన బొమ్మలో కనిపించదు.

మిద్దె మీద పని

సంక్రాంతి పోయాక మిద్దె విప్పడానికి సరైన కాలం. వానలు వెనకబడతాయి, ఎండలు ఇంకా ముదరవు.

ముందు చూడాల్సింది దూలాల చివర్లు. దూలం నడిమి భాగం వందేళ్లయినా ఇనుములా ఉంటుంది. గోడలోకి దూరిన జానెడు భాగమే చెమ్మకు చెదకు చిక్కి పుచ్చిపోతుంది. బయటికి కనిపించదు. సన్నటి స్క్రూడ్రైవరుతో గోడ అంచున పొడిచి చూడాలి. సులువుగా దిగబడితే లోపల పిప్పి అయినట్టే. అలాగని దూలం మొత్తం మార్చనక్కర్లేదు. జాకీలతో కింద ఆసరా పెట్టి, పుచ్చిన కొస కోసేసి, రెండు వైపులా ఇనుప చానళ్లు బిగించి గోడమీద కూర్చోబెట్టొచ్చు. లేదా గోడకు ఆనుకుని రాతి మొగరమో ఇటుక దిమ్మో కట్టి దానిమీద ఆనించొచ్చు. కొత్త కొసను మళ్లీ గోడలో బిగదీసి సిమెంటుతో మూసేస్తే కొన్నేళ్లకు అదే కథ. కొస చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి, కట్టెకు గాలి ఆడాలి.

మద్రాసు మిద్దె వేసే తీరు చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. చెప్పుకోవాల్సిన పనితనం అది. దూలాల మీద వేసేది మామూలు ఇటుక కాదు. ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే పలక ఇటుక. దాన్ని పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. మేస్త్రీ గది మూలలో మొదలుపెట్టి, ఏటవాలుగా, ఇటుకకు సున్నం పట్టించి ముందు ఇటుకకు అతికిస్తూ పోతాడు. కింద సెంట్రింగ్ ఉండదు, పలకలు ఉండవు. ఒక్కో ఇటుకను పక్క ఇటుకే పట్టుకుంటుంది. గదంతా అలా నిండాక పైన మూడంగుళాల మందాన ఇటుక జల్లి, సున్నం కలిపి పోస్తారు. అప్పుడు కూలీలు వరసగా కూర్చుని కొయ్య దిమ్మిసలతో కొట్టడం మొదలుపెడతారు. ఒక్క రోజు కాదు, వరసగా రోజుల తరబడి. కొడుతూ కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతుంటారు. మొదట్లో దెబ్బ మెత్తగా పడుతుంది. రోజులు గడిచేకొద్దీ చప్పుడు మారుతుంది. దిమ్మిస దిగబడకుండా ఎగిరి వెనక్కి వస్తున్నప్పుడు ఆపుతారు. దానిమీద పలక పెంకులు రెండు వరసలు, తూముల వైపు వాటం.

ఇంత పనిచేసి కట్టిన మిద్దె ఒకచోట కారితే జరిగేది ఏమిటంటే, పైన ఒక పూత సిమెంటు. మళ్లీ కారితే ఇంకో పూత. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న గది మీద అంగుళం మందాన సిమెంటు పూస్తే దాదాపు ఒక టన్ను బరువు కొత్తగా వచ్చి కూర్చుంటుంది. మూడుసార్లు పూస్తే మూడు టన్నులు, అప్పటికే కొసలు పుచ్చిన దూలాల మీద. అందుకే మొదటి పని ఆ పూతలన్నీ జాగ్రత్తగా ఊడదీయడం. అడుగున అసలు పెంకులు బయటపడతాయి. పగిలినవి మార్చి, సందులు సున్నంతో పూడ్చి, తూములు శుభ్రం చేస్తే చాలా మిద్దెలు కారడం మానేస్తాయి. పిట్టగోడ సందుల్లో మొలిచిన రావి మొక్కను పైపైన తుంచితే రెట్టింపు వేగంతో వస్తుంది. ఇటుకలు నాలుగు తీసి వేరు చివరిదాకా పెకలించాలి.

మరి పాత మిద్దె తీసేసి స్లాబు వేస్తే? దూలాలన్నీ పోయినప్పుడు అదీ ఒక దారే, కొట్టిపారేయలేం. కానీ 30 అడుగుల స్లాబు రాత్రికీ మధ్యాహ్నానికీ మధ్య రెండు మిల్లీమీటర్ల పైచిలుకు సాగి ముడుచుకుంటుంది. సున్నపు ఇటుక గోడ మీద దాన్ని నేరుగా బిగిస్తే పై వరస ఇటుకలను అటూ ఇటూ నెడుతుంది, అవి ఉమ్మడి గోడవైతే పక్కింట్లోనూ పై అంచున బీట పడుతుంది. స్లాబు తప్పదంటే గోడకూ స్లాబుకూ మధ్య జారే పొర వేయాలి, పక్కింటి వైపు ఖాళీ వదలాలి. ఇది మేస్త్రీ అంచనాతో చేసే పని కాదు, ఇంజనీరును పిలవాలి.

గానుగ సున్నం, చిత్తూరు బెల్లం

పూతలపట్టునుంచి తిరుపతి పోయే దారిలో చంద్రగిరి కోట ఉంది. విజయనగర రాజుల నాటి రాజమహల్ మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నంతో లేచింది. కట్టెదూలం ఒక్కటీ వాడలేదు. భారత పురావస్తు శాఖ సంరక్షణలో ఇవాళ్టికీ మ్యూజియంగా నిలబడి ఉంది. పాత చిత్తూరు జిల్లాకే చెందిన ఇంకో కట్టడం శ్రీకాళహస్తి రాజగోపురం. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఆ ఏడంతస్తుల గోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. బీటలు పెద్దవవుతుండటంతో ముందే జనాన్ని దూరం పంపడం వల్ల ప్రాణనష్టం తప్పింది. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. ఇటుక, సున్నం ఐదు వందల ఏళ్లు మోయగలవనీ, బీటను పట్టించుకోకపోతే ఒక్క రాత్రిలో నేలకూలగలవనీ ఈ రెండూ పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి.

సున్నం పనిచేసే తీరు సులువైంది. సున్నపురాయినో గుల్లలనో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే వాటిలోని బొగ్గుపులుసు గాలి పోతుంది. మిగిలిన గడ్డలు నీళ్లలో వేస్తే బుసబుస పొంగి వెన్నలాంటి ముద్ద అవుతాయి. ఆ ముద్దను గోడకు పూసినప్పుడు గాలిలోని బొగ్గుపులుసును తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. ఇది నెలల తరబడి నెమ్మదిగా సాగే పని. తడి సున్నం కళ్లలో పడితే చూపుకే ముప్పు కాబట్టి కలిపేవాళ్లకు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

పూర్వం ఒక భాగం సున్నానికి మూడు భాగాల ఇసుక, కొంత ఇటుక పొడి కలిపి గానుగలో వేసి ఎద్దులతో తిప్పించేవారు. అదే గానుగ సున్నం. గుండ్రటి రాతి తొట్టి, అందులో తిరిగే రాతి చక్రం పాత గుడుల దగ్గర ఇప్పటికీ పడి ఉంటాయి. పులికాట్ సరస్సు గుల్లలనుంచి కాల్చిన సున్నానికి మద్రాసు దాకా గిరాకీ ఉండేది. ఇటుక పొడి కలపడం వల్ల సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పూతను త్వరగా ఆరిపోకుండా, పగలకుండా కాపాడతాయి. శేషాచలం కొండల్లో కరక్కాయ ఉంది. బెల్లానికి చిత్తూరు మార్కెట్ పేరుమోసింది. సరుకంతా ఇంటి దగ్గరే ఉన్న జిల్లాలో సున్నం పని తెలిసిన మేస్త్రీలు కరువవడం బాధ కలిగిస్తుంది.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. మన దేశంలో తొలిసారి సిమెంటు తయారీకి పూనుకున్నది 1904లో, మద్రాసులోనే. అంతకుముందు కట్టిన ఇంటి గోడలో సిమెంటు కనబడిందంటే అది చాలావరకు తర్వాత ఎవరో పూసిందే. కొత్త పిల్లర్ల ఇంటికి సిమెంటు మంచి సరుకు. పాత ఇటుకకు మాత్రం సరిపడదు. పాత గోడ చెమ్మను పీల్చి, సున్నపు సందుల గుండా బయటికి వదిలేస్తుంది. సందులను సిమెంటుతో మూస్తే ఆ దారి పోతుంది. అప్పుడు చెమ్మ ఇటుక ముఖంలోంచే బయటపడాలి. దాంతోపాటు వచ్చే ఉప్పు ఇటుక పైపొర కిందే గడ్డకట్టి, పొరను లోపలినుంచి నెట్టేస్తుంది. సిమెంటు గీత నిక్షేపంగా ఉండి, దాని మధ్య ఇటుక పొడిపొడిగా రాలిపోయిన గోడలు ఏ ఊళ్లోనైనా చూడొచ్చు.

కాబట్టి గోడ పని ఇలా సాగాలి. పాత సిమెంటు పూతను ఉలి, చిన్న సుత్తితో తీయాలి. బ్రేకర్ మెషిన్లు పెడితే సందులన్నీ వదులవుతాయి. గోడను కొన్ని వారాలు ఆరనివ్వాలి. ఉప్పు తెల్లగా తేలినకొద్దీ పొడి బ్రష్షుతో దులిపేయాలి, కడగకూడదు. తర్వాత సందులను అంగుళం లోతు గీకి, తడిపి, సున్నం కూరాలి. పైన తడి గోనెసంచులు వేలాడదీసి వారం రోజులైనా నీడలో ఆరనివ్వాలి. మట్టి సందుల గోడ అయితే ఇంత గట్టి సున్నం కూడా వద్దు, మట్టిలో కొంచెం సున్నం కలిపి పూడ్చి, పైన సున్నపు పూత పూస్తే సరిపోతుంది. చివర రంగు డబ్బా తెరవక్కర్లేదు. పెద్దపండగకు ఏటా సున్నం కొట్టే అలవాటు ఉట్టి అలంకరణ కాదు. గోడకు ఊపిరాడనిస్తూ సన్నటి బీటలు పూడ్చే వార్షిక మరమ్మతు అది. ప్లాస్టిక్ పెయింట్లు వచ్చాక ఆ మరమ్మతు ఆగిపోయింది.

మిగతా పనులు తేలికే. కరెంటు తీగల కోసం పాత గోడను అడ్డంగా కోయొద్దు, గోడ మీదే పైపులు బిగిస్తే చాలు. ఎర్తింగ్, లీకేజీ కరెంటును పసిగట్టి ఆపే బ్రేకరు మాత్రం తప్పనిసరి. చెమ్మ గోడల ఇంట్లో అది ప్రాణాలు కాపాడుతుంది. బాత్రూము, మరుగుదొడ్డి దొడ్డివైపు విడి గోడలతో కట్టాలి, ఉమ్మడి గోడకు నీళ్ల పైపు ఆనించకూడదు. నేలకు కడప బండలు పరిచి సందులు సున్నంతో నింపితే అడుగు చెమ్మ సందుల్లోంచి పోతుంది. నున్నటి టైల్స్ వేస్తే ఆ చెమ్మంతా గోడలకు మళ్లుతుంది.

వీధి మొత్తం కలిస్తే

ఒక్క ఇంటిని బాగుచేయడం కంటే వరసను బాగుచేయడం సులువని పొరుగున పుదుచ్చేరి చూపించింది. అక్కడ వైశ్యాళ్ వీధి అని పిలిచే కాల్వే సుబ్బరాయ చెట్టి వీధిలో మన తిన్నెలలాంటి తిన్నెలు, వాటిముందు పెంకు చూరు ఉన్న వరస ఇళ్లు ఉన్నాయి. వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ, పురపాలక సంఘం కలిసి యూరోపియన్ యూనియన్ ఆసియా అర్బ్స్ పథకం నిధులతో ఆ వీధి ముఖాన్ని ఇంటింటికీ బాగుచేశాయి. 2008లో దానికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది. రాజుల కోటకో గుడికో కాదు, మామూలు జనం కాపురముండే వీధికి వచ్చిన గౌరవం అది.

అమెరికాలోని బాల్టిమోర్ నగరం 1973 నుంచి పాడుబడ్డ ఇటుక వరస ఇళ్లను ఒక్కో డాలరుకు అమ్మింది. షరతు ఒకటే: కొన్నవాళ్లు బాగుచేసుకుని అందులోనే కాపురముండాలి. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో గ్రాన్బీ వీధులది ఇంకో కథ. కూల్చివేతకు సిద్ధమైన ఎర్ర ఇటుక ఇళ్ల ముందు మిగిలిన కొద్దిమంది నివాసులు మొక్కలు నాటి, వీధి ఊడ్చి, 2011లో ఒక ట్రస్టుగా ఏర్పడ్డారు. అసెంబుల్ అనే యువ నిర్మాణ బృందం వాళ్లతో కలిసి ఇళ్లను నిలబెట్టింది. చిత్రకారులకు, శిల్పులకు ఇచ్చే టర్నర్ బహుమతి 2015లో ఈ పనికి దక్కింది. మూడుచోట్లా ఇళ్లు నిలబడటానికి కారణం వరసను వరసగా చూడటమే. బేల్దారి బృందాన్ని ఒకేసారి పిలిస్తే నాలుగు మిద్దెలు అవుతాయి. సున్నం ఒకేసారి నానబెడితే నాలుగు గోడలకు వస్తుంది.

ఖర్చు తక్కువని ఎవరూ హామీ ఇవ్వలేరు. సామాను తక్కువ పట్టినా కూలీ ఎక్కువ పడుతుంది, కాలం పడుతుంది. ప్రభుత్వ విధానం కూడా పాత ఇంటి పక్షాన లేదు. పాత ఆదాయపన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటిని కొనడానికో కట్టడానికో తీసుకున్న అప్పు వడ్డీపై ఏటా 2 లక్షల రూపాయల దాకా మినహాయింపు ఉంటే, మరమ్మతు అప్పుకు 30 వేలే. ఉన్నదాన్ని కాపాడుకునేవాడికి ఇంత తక్కువ ఇవ్వడం న్యాయం కాదు. పాత ఇళ్ల మరమ్మతుకు కూడా అదే మినహాయింపు ఇవ్వాలి. పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో సున్నం పని నేర్పాలి.

అవన్నీ జరిగేలోగా ఊళ్లో ఉన్నవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. వచ్చే కార్తీక వానలకు ముందే ఒకసారి మిద్దెక్కి తూములు శుభ్రం చేయించండి, పిట్టగోడ మీద రావి మొక్కలు పెకలించండి, దూలాల కొసలు పొడిచి చూడండి. ఉమ్మడి గోడ అవతలివాళ్లనూ పిలిచి చూపించండి. మీ వీధికి కొత్త సిమెంటు రోడ్డు మంజూరైందని తెలిస్తే, పని మొదలవకముందే ఇరుగుపొరుగు సంతకాలతో పంచాయతీకి ఒక అర్జీ పెట్టండి: పాత పొర తవ్వి తీశాకే కొత్తది వేయాలని.